సుడినాగు చచ్చింది సరే, తర్వాత మా సత్తిపండు ఏం చేయాలి?

ఏటిగట్టు కబుర్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. రెండేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను, టెన్త్, ఇంటర్ చదివే పిల్లల కోసం. ఫాంటసీయే గానీ కోటలూ మంచుకొండలూ ఉండవు, అంతా మన గోదావరి వశిష్ఠ పాయ పక్కన నేను కల్పించుకున్న ఒక లంకలో, అంటే ఏటి దిబ్బ మీద ఉన్న ఊళ్ళో జరుగుతుంది. కథ క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే నా ఇబ్బంది మొదట్లో లేదు, చివర్లో ఉంది.

హీరో సత్తిపండు, పదహారేళ్ళు. తాత, నాన్న ఇద్దరూ కొబ్బరి దింపు తీసేవాళ్ళే. వీడికి మాత్రం రెండు నిలువుల ఎత్తు ఎక్కితే కళ్ళు తిరుగుతాయి, ఊళ్ళో అదో పెద్ద జోకు. చివరికి రేవులో పంటు మీద, అంటే జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ మీద, మోకు విసిరే పనికి కుదురుతాడు. పంటు ఒడ్డుకి రాగానే తాడు విసిరి గుంజకి బిగించడం, జనం దిగి ఎక్కాక విప్పడం, అంతే వాడి ఉద్యోగం. పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర సుడినాగు అని ఒక పెద్ద పాము ఉంటుంది. ఏటా ఎర్రనీరు దిగే రోజుల్లో పైకి వచ్చి పడవలు ముంచి, గట్టుకి గండ్లు కొట్టి పోతుంది. కత్తులున్న వాళ్ళూ మంత్రాలు తెలిసిన వాళ్ళూ దాని మీదకి వెళ్ళి తిరిగి రారు. మనవాడికి తెలిసినవి రెండే, ముడి వేయడం, పోటూ పాటూ, అంటే సముద్రపు నీళ్ళు ఎక్కడమూ దిగడమూ, ఎప్పుడొస్తాయో చెప్పడం. కార్తీకమాసంలో అష్టమి రాత్రి పోటు మీద పాము లంక అంచుకి ఎక్కినప్పుడు దాని తోకకి పంటు మోకు బిగించి, రెండో కొస రేవు గుంజకి కట్టి, పాటు వచ్చేదాకా అక్కడే కూర్చుంటాడు. నీళ్ళు వెనక్కి పోతాయి, పాము ఇసుకలో మిగిలిపోతుంది, మర్నాడు ఎండెక్కేసరికి చచ్చిపోతుంది.

ఇది 160వ పేజీ. అసలు నేను రాయాలనుకున్నది దీని తర్వాత కథ. గెలుపు తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరు కదా, నేను చెప్పాలనుకున్నాను. ఇంకో 60 పేజీలు రాశాను, సన్మానం, శాలువా, రేవులో ఫ్లెక్సీ, పక్క ఊళ్ళ నుంచి చూడ్డానికొచ్చే జనం. మా అన్నయ్య కూతురు ఇంటర్ ఫస్టియర్, దానికి చదవమని ఇచ్చాను. 160 పేజీలు ఒక్క రాత్రిలో అయిపోయాయి, మిగతా 60కి వారం పట్టింది. ఏమ్మా అంటే "బాబాయ్, వీడికి ఇంక పనేం లేదు కదా" అంది. అప్పట్నుంచి టెన్షన్. ఇంకో రాక్షసుణ్ణి దింపమని ఒక ఫ్రెండు సలహా, పాము అయిపోతే మొసలి, మొసలి అయిపోతే గద్ద అని అలా వరస పెట్టుకుంటూ పోవడం నాకిష్టం లేదు. మొహమాటం లేకుండా చెప్పండి, గెలిచినవాడు తర్వాత ఏం చేస్తే మీరు పేజీ తిప్పుతారు?

నిద్రపోతున్న ఎంపీసీ

అంకుల్, నేను ఇంటర్ సెకండియర్, అంటే పుస్తకం నాకోసమే కాబట్టి ముందు నేను చెప్తాను. సన్మానం ఎన్ని పేజీలుంది? సగం ఉంటే మాత్రం మీ అన్నయ్యగారమ్మాయిదే రైటు. మాకు కాలేజీలో ఎండలో కూర్చోబెట్టి ఏడాదికి నాలుగు సన్మానాలు చూపిస్తారు, పుస్తకంలో కూడా ఎందుకు.

నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒకటే. పాముని చంపాక కూడా వాడికి చెట్టెక్కడం రాదు కదా, మరి వాళ్ళ నాన్న ఏమంటాడు? మా కజిన్‌కి ఎంసెట్‌లో మంచి ర్యాంకొచ్చింది, ఊరంతా స్వీట్లు పంచారు, వారం తిరక్కుండా వాళ్ళ నాన్న "ఇంకో రెండొందలు తగ్గి ఉంటే ఫలానా కాలేజీలో వచ్చేది" అని మొదలెట్టాడు. సత్తిపండు నాన్న మరీ అలా అనడనుకుంటా. కానీ ఎవరో కాయలు దింపాలని ఇంటికొస్తే వీడి వైపు చూడకుండా కత్తి తీసుకుని ఒక్కడే వెళ్ళిపోతాడు. అది రాయండి, నేను పేజీ తిప్పుతాను.

పాలకొల్లు మాస్టారు

బాబూ, గెలుపు తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరన్నారు చూడండి, అది మాత్రం ఒప్పుకోను. భారతంలో 18 పర్వాలు. శల్య, సౌప్తికాలతో చంపుకోవడం అయిపోతుంది, ఆ తర్వాత ఇంకా 8 పర్వాలున్నాయి! మన రాజమహేంద్రవరంలో నన్నయగారు మొదలుపెట్టి అరణ్యపర్వంలో వదిలేస్తే, ఎర్రనగారు పూరించిన ఆ మిగతా భాగం పోను విరాటం నుంచి 15 పర్వాలూ తిక్కనగారే రాశారు కాబట్టి, గెలిచిన ధర్మరాజు ఈ రాజ్యం నాకొద్దు మొర్రో అని ఏడ్చే ఏడుపంతా ఆయన మోసిందే. మా స్కూల్లో మాత్రం యుద్ధం దాకా చెప్పి బెల్లు కొట్టేసేవాళ్ళం, నా తప్పు కూడా ఉంది.

అయితే ధర్మరాజు మీకు పనికిరాడు, ఆయన కుర్రాడు కాదు. మీకు కావలసింది కుమారస్వామి. తారకాసురుణ్ణి చంపడానికి దేవతల సైన్యానికి పిల్లవాణ్ణి సేనాపతిని చేశారు, అంతకంటే ఎవరూ అనుకోని హీరో ఉంటాడా? ఆ తారకాసురుడి మెడలో ఉన్న అమృతలింగం ముక్కలైతే గానీ వాడు చావడు, కుర్రాడు ముక్కలు చేశాడు, వాడు చచ్చాడు. కథ అక్కడ అయిపోవాలి. కానీ మన పంచారామాల స్థలపురాణం అసలు అక్కడే మొదలవుతుంది, పడిన ఐదు ముక్కలూ ఊరుకోలేదు, పెరగడం మొదలెట్టాయి. ఎక్కడివక్కడ ప్రతిష్ఠ చేసి ఆపాల్సి వచ్చింది. ద్రాక్షారామంలో సూర్యుడు, భీమవరంలో చంద్రుడు, మా పాలకొల్లులో విష్ణువు, అమరావతిలో ఇంద్రుడు తలో చెయ్యి వేశారు. సామర్లకోటలో మాత్రం కుమారస్వామే స్వయంగా చేసుకున్నాడు. ఎప్పుడైనా వెళ్తే చూడండి, లింగం కింది అంతస్తులోంచి పై అంతస్తు దాకా ఉంటుంది, ఇంకా పెరగకుండా నెత్తిన మేకు కొట్టారని చెప్తారు. మీ సత్తిపండుకి పని లేదని మీ పాప అంది కదా, మరి అంత పెద్ద పాము శవం ఏమైంది? ఎవరు లాగారు, ఎక్కడ పూడ్చారు? మీరు రాసిన దాంట్లో ఆ మాటే లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పి వెళ్తాను. ఆ కుమారస్వామినే మార్గశిర శుద్ధ షష్ఠి నాడు మనం ఏ రూపంలో కొలుస్తాం? సుబ్బారాయుడు అని పాము రూపంలో కొలుస్తాం, ఊరూరా షష్ఠి తీర్థాలు చేస్తాం. మీరేమో హీరో చేత పాముని చంపించి శాలువా కప్పించారు. మనవైపు పాముని చంపినవాడికి శాలువా కప్పరు, దోషం పోవాలని పుట్టలో పాలు పోయిస్తారు. ఊరంతా చప్పట్లు కొడుతుంటే ఒక్క ముసలావిడ కూడా "అయ్యో, నాగన్నని చంపేశారా" అనలేదంటే మీరు ఆ ఊరి మాట సరిగ్గా వినలేదు.

ఆయ్ అంతే

సినిమా వాళ్ళకివ్వండి, పాము పెళ్ళాం పగ తీర్చుకోడానికి వస్తుంది, రెండో భాగం రెడీ. ఆయ్.

ఏటిగట్టు కబుర్లు

పాము పెళ్ళాం వద్దండి బాబూ, దణ్ణం.

మాస్టారూ, శవం సంగతి నిజంగా నాకు తట్టలేదు. 160వ పేజీలో చచ్చిపోయింది, 161లో మేళం మోగింది, మధ్యలో అంత పాము మాయమైపోయింది. సిగ్గుగా ఉంది. ముసలావిడ మాట దగ్గరే కొంచెం భయం. దోషం, శాంతి అని పెడితే పిల్లలకి మూఢనమ్మకం నూరిపోసినట్టు ఉంటుందేమో?

లంకలో పుట్టి గట్టెక్కినామె

మూఢనమ్మకం సంగతి తర్వాత చూసుకోవచ్చు తమ్ముడూ. గెలిచినవాణ్ణి ఊరు ఏం చేస్తుందో నేను చూశాను, అది చెప్తాను, పనికొస్తే వాడుకోండి.

1986 ఆగస్టు, నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. అక్కడ 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారని మా లంకల్లో పిల్లలక్కూడా నోటికొచ్చు, కానీ ఆ ఏడు అంకెలు చూసుకునే తీరిక ఎవరికీ లేదు, చూరు దాకా నీళ్ళొచ్చేశాయి. మా వీధి చివర ఒకతను ఉండేవాడు, ఇరవై లోపే, నత్తి. మాట మొదలెడితే పిల్లలం నవ్వేవాళ్ళం, నేనూ నవ్వాను. ఆయనకో నాటుపడవ ఉండేది. రెండు రోజులు ఆ పడవలోనే మమ్మల్ని విడతలు విడతలుగా గట్టు మీదకి చేర్చాడు. కొబ్బరిచెట్ల మొవ్వులు చూసి దారి పట్టేవాడు, కింద ఎక్కడ కంచె ఉందో ఎక్కడ నుయ్యి ఉందో ఆయనకే తెలిసేది.

తర్వాత ఆరునెలలు నెత్తిన పెట్టుకున్నారు. నత్తికి మళ్ళీ ఎవరూ నవ్వలేదు, అది మాత్రం నిజం. కానీ పడవలో చోటు లేక ఒక ఇంటివాళ్ళ చేత రెండు పాడిగేదెల్ని పలుపులు విప్పించి వదిలేయించాడు, అవి మళ్ళీ దొరకలేదు. ఆ ఇంట్లో ఐదుగురు బతికింది ఆయన వల్లే, అయినా ఆ ఇంటాయన పోయేదాకా ఆయనతో మాట్లాడలేదు. "ఇంకో ట్రిప్పు వేసుంటే గేదెలు దక్కేవి" అనేవాడు. పైగా మరుసటేడు నుంచి ఏట్లో ఎర్రనీరు కనిపిస్తే చాలు, అందరి కళ్ళూ ఆయన వాకిట్లోకే. హైదరాబాదులో పని దొరికి సంచి సర్దుకుంటే "నువ్వెళ్ళిపోతే ఎలారా" అని రేవు దగ్గర ఆపేశారు. వెళ్ళలేదు పాపం. ఏటా పడవకి తారు పూసి సిద్ధంగా పెట్టుకునేవాడు. 1996 నవంబరు తుఫాను రాత్రి కొబ్బరి తోటలు విరిగి పడుతుంటే కూడా జనం మొదట ఆయన ఇంటికే పరుగెత్తారు. గాలికి పడవేం చేస్తుంది చెప్పండి? ఆ రాత్రి ఆయన తలుపు తీయలేదు. మర్నాడు మా వీధిలో పడిపోయిన చెట్ల గురించి కంటే ఆ తలుపు గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు.

మీ సత్తిపండు ఊళ్ళో పాము వల్ల లాభపడినవాళ్ళు ఎవరో, పాము చావడం వల్ల నష్టపోయినవాళ్ళు ఎవరో చూడండి. సన్మానంలో ముందు వరసలో కూర్చున్న వాళ్ళలోనే ఉంటారు.

సార్వా దాళ్వా

నేను రైతునండి, నవల ఏడాదికి ఒకటి చదివితే గొప్ప. పై ఆవిడ రాసింది చదివి రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, మా ఊళ్ళో కూడా అలాంటాయన ఒకరున్నారు.

నాది చిన్న డౌటు. ఆ పాము అన్నేళ్ళూ మొగలో ఏం చేస్తూ కూర్చుంది? ఊరికే ఉండదు కదా అంత జీవి. ఎండాకాలం ఏట్లో నీళ్ళు తగ్గాయంటే చాలు, పోటుకి ఉప్పునీరు పాయలోకి ఎగదన్నుకొస్తుంది. లంకల్లో బోర్లు ఉప్పగా అయిపోతాయి, చేలో మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, అక్కడ దాళ్వా వరి కాదు కదా గడ్డి కూడా లేవదు. మీ పాము మొగకి అడ్డంగా పడుకుని ఉన్నన్నాళ్ళూ ఉప్పునీరు ఆగేదనుకోండి, ఎవరికీ ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఆగిన నీళ్ళు ఎవరికి కనిపిస్తాయి? చచ్చిన మొదటి వేసవిలో ముందు ఒక్క నుయ్యి ఉప్పగా అవుతుంది. జనం నమ్మరు, ఎవరో ఉప్పు బస్తా పడేశారంటారు. తర్వాత రెండోది, మూడోది. అప్పుడు ఎవరి వాకిట్లోకి వస్తారో చెప్పక్కర్లేదు.

వరద గురించి కూడా ఒక మాట. 2022 జూలైలో మా మూడెకరాల్లో ఒండ్రు వేసి పోయింది, ఆ ఏడు ఎరువు తగ్గించినా పంట బాగా పండింది. గట్టుకి అవతల మా బావమరిది చేలో మోకాలెత్తు ఇసుక మేట వేసింది, దాన్ని తీయించడానికి చేను అమ్మినంత పనయింది. ఒకటే ఏరు, ఒకటే రోజు. పాము చచ్చాక వరద కూడా రాలేదని రాసుకుంటే ఒండ్రు కూడా రాదని గుర్తుపెట్టుకోండి, మా బావమరిది సంతోషిస్తాడు, నేను కాదు.

ఏటిగట్టు కబుర్లు

ఇప్పుడే కుర్చీలోంచి లేచి రెండుసార్లు పెరట్లో తిరిగొచ్చాను. మా అన్నయ్య కూతురు వాడికి పని లేదంది, మీరంతా కలిసి ఇంత పని చెప్పారు.

ఉప్పునీటి సంగతి చదవగానే ఒకటి తట్టింది. పాము చేసిన పని ఇంక ఎవరో ఒకరు చేయాలి. వాడికి వచ్చింది ముళ్ళు వేయడమే, పోటు ఎప్పుడొస్తుందో చెప్పడమే. అంటే వాడు మొగ దగ్గరే ఉండిపోవాలి, పోటు పోటుకీ ఏదో ఒకటి కట్టి అడ్డం పెట్టాలి, రోజుకి రెండుసార్లు. ఊళ్ళోకి వచ్చే తీరిక తగ్గిపోతుంది. పిల్లలు వాణ్ణి దూరం నుంచి చూసి భయపడటం మొదలెడతారు. మాస్టారు చెప్పిన షష్ఠి సంగతి ఇక్కడ అతుక్కుంటుందనిపిస్తోంది గానీ ఎలాగో ఇంకా తెలియడం లేదు.

పాత సరంగు

నలభై ఏళ్ళు ఈ పాయ మీద పడవ నడిపాను, మా మనవడు ఇది చదివి వినిపిస్తే చెప్పి రాయిస్తున్నాను. కథంతా బాగుంది బాబూ, కానీ ఆ పాము అష్టమి రోజు చావదు.

అష్టమికి పోటు బలంగా ఉండదు, నీళ్ళు పెద్దగా ఎక్కవు, పెద్దగా దిగవు. పాము ఒడ్డెక్కినా సగం ఒళ్ళు నీళ్ళలోనే ఉంటుంది, పాటుకి మెల్లగా జారుకుని పోతుంది, మీ కుర్రాడు మోకు పట్టుకుని ఊరికే కూర్చోవాలి. అమావాస్యకి, పౌర్ణమికి పోటు బాగా ఎక్కుతుంది, అంతే దూరం వెనక్కి లాగేస్తుంది. పోటు కూడా రోజూ ఒకే వేళకి రాదు, రోజుకి సుమారు రెండు గడియలు, అంటే ముప్పావుగంట పైన, ఆలస్యమవుతూ ఉంటుంది. మోకు విసిరే కుర్రాడికి ఇది తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ ముక్క తెలిసే గెలిచాడంటున్నారు కదా. ఎర్రనీరు జోరుగా ఉన్నప్పుడు పైన లంకల దాకా పోటు తెలియదు, కార్తీకంలో పెట్టారు, ఆ మాట బానే ఉంది. పౌర్ణమికి మార్చండి.

ఇంకోటి, పంటు మోకు తడిస్తే బిగుస్తుంది, ఆరితే వదులవుతుంది. తెల్లారాక ఎండలో ముడి జారకుండా వాడు మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోస్తూ ఉండాలి. పాముకి కాదు, తాడుకి. అది చూసేవాళ్ళకి పాముకి నీళ్ళు పోస్తున్నట్టే కనిపిస్తుంది.

ఏటిగట్టు కబుర్లు

తాతగారూ, మీ కాళ్ళకి దణ్ణం. క్లైమాక్స్ మొత్తం తిరగ రాయాలి, రాస్తాను.

కార్తీక పౌర్ణమికి మారిస్తే పంచాంగం ప్రకారం మార్గశిర షష్ఠికి సుమారు 21 రోజులు. ఇందాకట్నుంచి అతకనిది అక్కడ అతికింది. ఇసుకలో చచ్చిపోతున్న పాము మీద వీడు బిందెతో నీళ్ళు పోయడం దూరం నుంచి ఒక ముసలావిడ చూస్తుంది, తాడు సంగతి ఆవిడకి తెలియదు. వీడు నాగన్నకి దాహం తీరుస్తున్నాడని ఊళ్ళో చెప్తుంది. సన్మానం ఒక్క పేరాలో తేల్చేస్తాను. శవాన్ని లాగడానికి మూడు రోజులు, దానికి ముందుకొచ్చేది వాడి నాన్న ఒక్కడే, ఇద్దరూ మాట్లాడుకోకుండా పని చేస్తారు. షష్ఠి రోజు పొద్దున్నే వాడు తలుపు తీసేసరికి గడప ముందు ఎవరో ఇత్తడి గ్లాసుతో పాలు, ఒక కోడిగుడ్డు పెట్టి వెళ్ళుంటారు. దూరంగా వీధిలో జనం నిలబడి చూస్తుంటారు, ఒక్కరూ దగ్గరికి రారు. నవల అక్కడ ఆపేద్దామా, ఉప్పునీరు ఎక్కే వేసవి దాకా తీసుకెళ్ళాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

లంకలో పుట్టి గట్టెక్కినామె

వేసవి దాకా తీసుకెళ్ళండి. తలుపు దగ్గర ఆపితే అందంగా ఉంటుంది గానీ మా వీధాయన తలుపు వెనక ఏం చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు, మీరైనా చెప్పండి.

నిద్రపోతున్న ఎంపీసీ

అంకుల్ సూపర్. కానీ ఆ గుడ్డు వాళ్ళమ్మ ఏం చేస్తుంది? మా అమ్మయితే దేవుడూ లేదు దయ్యమూ లేదు, మధ్యాహ్నానికి పులుసు పెట్టేస్తుంది. వాళ్ళమ్మ చేత కూడా పెట్టించండి, వాడు తినాలా వద్దా అని కంచం ముందు కూర్చునే సీను నాకు కావాలి.